వయసు తెలియకముందే వేసిన వల: ఆరెంజ్ రఫీ వివాదానికి నేపథ్యం

ఆరెంజ్ రఫీ అనే లోతు సముద్రపు చేపను అసలు పట్టవచ్చా, పడితే ఏడాదికి ఎన్ని టన్నులు పట్టాలి అన్న తగవు న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో ఇప్పటికీ తెగలేదు. నిల్వలు కోలుకుంటున్నాయని చేపల కంపెనీలు అంటాయి. కోలుకున్నట్టు కనిపించడం లెక్కల్లోని పొరపాటని పర్యావరణ సంఘాలు అంటాయి. ఇరుపక్షాల చేతుల్లోనూ శాస్త్రవేత్తల నివేదికలున్నాయి. బయటివారికి ఇది అంకెల మీద జరిగే పోట్లాటలా కనిపిస్తుంది. కానీ ఆ అంకెలు ఎందుకింత అస్థిరంగా ఉన్నాయో అర్థం కావాలంటే 1970ల చివరికి వెళ్లాలి. ఒక జీవి ఎన్నేళ్లు బతుకుతుందో, ఎప్పుడు ఈడుకొస్తుందో తెలుసుకోకముందే దాన్ని వేల టన్నుల్లో పట్టేందుకు అనుమతులు ఇచ్చేశారు. ఆ తర్వాత వచ్చిన కష్టాల్లో చాలా వాటికి మూలం ఆ తొందరపాటే అని నా నమ్మకం.

ముందు చేప గురించి. శాస్త్రీయ నామం హోప్లోస్టెథస్ అట్లాంటికస్. నార్వే జంతుశాస్త్రవేత్త రాబర్ట్ కోలెట్ 1889లో దీన్ని మొదటిసారి వర్ణించాడు. బతికున్నప్పుడు ఇటుక ఎరుపు రంగులో ఉంటుంది, చచ్చాక ఆ ఎరుపు నారింజలోకి తిరుగుతుంది. పెద్ద తల, దాని మీద శ్లేష్మం నిండిన గుంటలు, చీకటికి అలవాటుపడిన పెద్ద కళ్లు. మామూలుగా 35 నుంచి 45 సెంటీమీటర్ల పొడవుంటుంది, బాగా పెరిగితే 75 సెంటీమీటర్ల దాకా. అట్లాంటిక్, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చల్లని నీళ్లలో, ఎక్కువగా 500 నుంచి 1,500 మీటర్ల లోతున, అడుగుకు దగ్గరగా తిరుగుతుంది. నీటి అడుగున ఉన్న కొండలు, లోయలు, నిటారు వాలులంటే దీనికి ఇష్టం. ప్రవాహాలు ఆ కొండలకు తగిలి రొయ్యలనూ చిన్న చేపలనూ కూనిరకం స్క్విడ్‌లనూ మోసుకొస్తాయి. ఆ ప్రవాహానికి ఎదురు నిలవాలంటే కండ బలంగా ఉండాలి. లోతు నీటి చేపల్లో చాలా వాటి మాంసం మెత్తగా, నీరు పట్టినట్టు ఉంటుంది. ఆరెంజ్ రఫీ మాంసం గట్టిగా, తెల్లగా, నీచువాసన లేకుండా ఉంటుంది. బతకడానికి పనికొచ్చిన ఆ కండే దాన్ని మార్కెట్‌లోకి లాగింది.

దాని జీవితంలోని వేగం మనం ఎరిగిన చేపల వేగం కాదు. ఈడుకు రావడానికే ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. ఈడుకొచ్చాక కూడా ప్రతి ఆడచేపా ఏటా గుడ్లు పెట్టదు. పెట్టినా, శరీర బరువుతో పోల్చి చూస్తే మిగతా చేపల సగటులో పదో వంతు కూడా ఉండవు. గుడ్లు పెట్టే కాలంలో మాత్రం చెల్లాచెదురుగా ఉన్న చేపలన్నీ ఫలానా కొండ చుట్టూ, ఏటా అదే చోట, వేల టన్నుల గుంపుగా చేరతాయి. దక్షిణార్ధగోళంలో అది శీతకాలం, జూన్, జులై నెలలు. ఆ కొద్ది వారాల్లో అక్కడ వల దించితే కొన్ని నిమిషాల్లోనే పదుల టన్నులు పడతాయి. దాని సంతానోత్పత్తి పద్ధతే దాని మెడకు చుట్టుకుంది.

ఇంత లోతుకు వలలు ఎందుకు వెళ్లాయి అన్నది అసలు కథకు మొదలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పట్టిన చేపను సముద్రం మీదే గడ్డకట్టించే భారీ ట్రాలర్లు వచ్చాయి. సోవియట్ యూనియన్ నౌకలు, జపాన్ నౌకలు సొంత తీరాలకు వేల కిలోమీటర్ల దూరంలో వేటాడేవి. తీరం దగ్గరి చేపలు తగ్గుతున్నకొద్దీ అవి ఖండపు అంచు దాటి కిందికి దిగాయి. 1970లలో దేశాలు ఒక్కొక్కటిగా తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల మేర సముద్రం తమదని ప్రకటించుకున్నాయి. న్యూజిలాండ్ ప్రకటన 1978లో అమల్లోకి వచ్చింది. ఒక్కసారిగా ఆ చిన్న దేశం చేతికి భూభాగానికి ఎన్నో రెట్ల సముద్రం వచ్చింది. దానిలో ఎక్కువ భాగం లోతైన నీరే. దాన్ని వాడుకోవాలన్న ఉత్సాహం ప్రభుత్వానికీ ఉంది, కంపెనీలకూ ఉంది. దక్షిణ ద్వీపానికి తూర్పున ఉన్న చాటమ్ రైజ్ అనే సముద్రగర్భ పీఠం మీద ఆరెంజ్ రఫీ గుంపులున్నాయని అప్పటికే తెలిసింది. 1979లో వాణిజ్య వేట మొదలైంది.

అమ్మకానికి కూడా దారి సిద్ధమైంది. అంతకుముందు ఇంగ్లిషులో ఈ కుటుంబపు చేపలను పిలిచే పేరుకు అర్థం ‘జిగురు తల’. ఆ పేరుతో ఎవరూ కొనరని 1970ల చివర్లో అమెరికా మత్స్యశాఖ ‘ఆరెంజ్ రఫీ’ అని నోరూరించే కొత్త పేరు పెట్టింది. గడ్డకట్టిన ముక్కలుగా అమెరికాకు ఎగుమతులు పెరిగాయి. చర్మం కింద ఉండే మైనపు నూనె మనిషికి అరగదు కాబట్టి దాన్ని లోతుగా కోసి తీసేసేవారు. ఆ నూనెకు కూడా సౌందర్య సాధనాల్లో, తిమింగలపు నూనెకు బదులుగా వాడకం దొరికింది.

1980ల చివరికి న్యూజిలాండ్ ఒక్కటే ఏడాదికి 50 వేల టన్నులకు పైగా పట్టింది. ప్రపంచం మొత్తం మీద పట్టుబడి 90 వేల టన్నుల స్థాయికి చేరింది. ఉపగ్రహాల సాయంతో కొండ శిఖరాన్ని కచ్చితంగా గుర్తుపెట్టుకునే పరికరాలు, లోతు నీటిలో గుంపులను చూపించే ధ్వని యంత్రాలు, రాళ్ల మీద చిక్కుకోకుండా దొర్లే రబ్బరు చక్రాల వలలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అంతకుముందు వల చిరిగిపోతుందన్న భయంతో వదిలేసిన కొండలు కూడా అందుబాటులోకి వచ్చాయి. పట్టలేనంత చేప పడి వలలే పగిలిపోయిన సందర్భాలున్నాయి. అలా పోయిన చేప చచ్చి అడుగుకు చేరిందే తప్ప ఏ లెక్కలోనూ చేరలేదు.

అప్పుడు అధికారుల ఆలోచన ఇలా సాగింది. ఎవరూ తాకని నిల్వలో ముసలి చేపలే ఎక్కువ ఉంటాయి, వాటిని తొలి ఏళ్లలో తీసేస్తే మిగిలిన వాటికి తిండి, చోటు దొరికి వేగంగా పెరుగుతాయి, నిల్వను ఒక స్థాయికి తగ్గించి అక్కడ నిలబెడితే ఏటా గరిష్ఠంగా పట్టుకోవచ్చు. తీరం దగ్గరి చేపల విషయంలో ఈ సిద్ధాంతానికి కొంత ఆధారం ఉంది. ఆరెంజ్ రఫీకి దాన్ని అన్వయించడంలో ఒక ఊహ దాగుంది, ఇది ఇరవై ముప్పై ఏళ్లు బతికే చేప అని. తొలినాళ్లలో చెవి రాళ్ల పైభాగం చూసి కట్టిన వయసులు అలాగే ఉండేవి.

చేపల లోపలి చెవిలో సున్నంతో తయారైన చిన్న రాయి ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లా దానిలో ఏడాదికో పొర చేరుతుంది. అయితే వయసు పెరిగాక పొరలు ఎంత సన్నగా, దగ్గరగా పడతాయంటే పైనుంచి చూస్తే కనిపించవు. రాయిని అడ్డంగా కోసి పలచని ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడే లెక్క తేలుతుంది. అలా లెక్కపెట్టినవారికి నమ్మశక్యం కాని అంకెలు వచ్చాయి, వాదులాట మొదలైంది. పొరలు నిజంగా ఏడాదికొకటేనా అని ఎదుటివారు అడిగారు. ఆ ప్రశ్న అన్యాయమైనదేమీ కాదు. దానికి పొరలతో సంబంధంలేని రుజువు కావాలి.

ఆ రుజువు 1991లో ఆస్ట్రేలియా ద్వీప రాష్ట్రం టాస్మేనియా నుంచి వచ్చింది. శాస్త్రవేత్త గ్వెన్ ఫెంటన్, ఆమె సహచరులు చెవి రాళ్లలోని రేడియోధార్మిక మూలకాలను కొలిచారు. సముద్రపు నీటిలోని రేడియం-226 పరమాణువులు కాల్షియంతో పాటు రాయిలోకి చేరతాయి. అవి క్రమంగా క్షీణించి లెడ్-210ను పుట్టిస్తాయి. రేడియం చాలా నిదానంగా, లెడ్-210 ఇరవై రెండేళ్లకు సగం చొప్పున తరుగుతాయి. కాబట్టి రెండింటి నిష్పత్తి చూస్తే రాయి ఎంత పాతదో చెప్పవచ్చు. పూర్తిగా ఎదిగిన చేపల వయసు 77 నుంచి 149 ఏళ్లని తేలింది. తర్వాతి పరిశోధనలు వందేళ్లకు పైబడిన వయసులను మళ్లీ నిర్ధారించాయి. రెండు వందల ఏళ్లు దాటిన చేపలు కూడా నమోదయ్యాయి.

ఈ అంకె ముందు కాసేపు ఆగాలి. 1988లో వలలో పడిన నూట నలభై ఏళ్ల చేప 1840లలో పుట్టినది. దాని తరంలో ఎన్నో చేపలు దశాబ్దాల పాటు అదే కొండ చుట్టూ గుడ్లు పెట్టి వెళ్లాయి. అంటే కంపెనీలు పట్టింది ఏటా పండే పంట కాదు, వందేళ్లకు పైగా కూడిన రాశి. ఏటా చచ్చే భాగం తొలి అంచనాలో అనుకున్నదానిలో సగం కూడా లేదు, ఏటా కొత్తగా చేరేది కూడా ఆ మేరకు తక్కువే. భరించగల పట్టుబడి వేలల్లోకి దిగిపోయింది. కానీ అప్పటికి చాటమ్ రైజ్ మీద పన్నెండేళ్ల వేట జరిగిపోయింది.

తెలిసిన వెంటనే ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు కొంత జవాబు కోటాల చరిత్రలో ఉంది. న్యూజిలాండ్ 1983లో లోతు సముద్రపు చేపల వాటాలను కొన్ని కంపెనీలకు పంచింది. 1986లో దాన్ని దేశవ్యాప్త కోటా విధానంగా మార్చింది. కోటా అంటే ఇన్ని టన్నులు పట్టే శాశ్వత హక్కు. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. ఈ విధానాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది, దానిలో మంచి కూడా ఉంది. అయితే హక్కును టన్నుల్లో రాసిచ్చాక నిల్వ తక్కువని తేలితే, తగ్గించాల్సిన ప్రతి టన్నునూ ప్రభుత్వమే డబ్బు పెట్టి తిరిగి కొనాలి. ఆరెంజ్ రఫీ కోటాలకు కోత పెట్టాల్సిన రోజు వచ్చేసరికి ఆ బిల్లు మోయలేనంత పెద్దదని అర్థమైంది. 1990లో చట్టం మార్చారు. హక్కు ఇకపై టన్నుల్లో కాదు, మొత్తం పట్టుబడిలో శాతంగా. ఒక దేశపు మత్స్య చట్టాన్నే మార్పించిన చేప ఇది. చట్టం మారాక కూడా కోతలు విడతలు విడతలుగానే వచ్చాయి. పశ్చిమాన చాలెంజర్ పీఠభూమి మీది నిల్వ అసలు మొత్తంలో అతి స్వల్ప శాతానికి పడిపోయిందని అంచనా వేశాక, 2000లో అక్కడ వేటను మూసేశారు.

ఆస్ట్రేలియాలో ఇదే కథ ఇంకా వేగంగా నడిచింది. టాస్మేనియా ఈశాన్య తీరానికి ఎదురుగా సెయింట్ హెలెన్స్ హిల్ అనే సముద్రగర్భ కొండ ఉంది. 1989లో అక్కడ గుడ్లు పెట్టే మహా గుంపు బయటపడింది. మరుసటి ఏడు, 1990లో, ఆస్ట్రేలియా పట్టుబడి 40 వేల టన్నులు దాటింది. కొద్ది ఏళ్లలోనే తూర్పు నిల్వ అసలు మొత్తంలో ఐదో వంతు కన్నా దిగువకు జారింది. 2006 నవంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం పర్యావరణ చట్టం కింద ఆరెంజ్ రఫీని సంరక్షణపై ఆధారపడిన జాతిగా ప్రకటించింది. వాణిజ్యపరంగా పట్టే చేపకు ఆ దేశంలో అటువంటి గుర్తింపు రావడం అదే మొదలు. కాస్కేడ్ పీఠభూమి తప్ప మిగతా చోట్ల దీని కోసమే వల వేయడం ఆగింది. తూర్పు ప్రాంతంలో చిన్న కోటాతో 2015లో మళ్లీ తెరిచారు.

టాస్మేనియా కొండల మీద జరిగిన మరో నష్టం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. చలి నీటిలో పెరిగే పగడాలు అక్కడ పొదలుగా అల్లుకుని ఉంటాయి. వాటి పెరుగుదల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. వాటిని ఆశ్రయించి ఎన్నో జీవులు బతుకుతాయి. 1997లో శాస్త్రవేత్త టోనీ కోస్లో బృందం వేట జరిగిన కొండలనూ జరగని కొండలనూ పోల్చి చూసింది. ఎక్కువగా వలలు లాగిన చోట పగడాల పొద ఊడిపోయి ఉత్త రాయి మిగిలింది. వల తాకని కొండల మీద జీవరాశి బరువు రెట్టింపుకు పైగా ఉంది. ఆస్ట్రేలియా 1999లో ఆ కొండల్లో కొన్నిటిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అదే కాలంలో టాస్మేనియాకు దక్షిణాన ఉన్న దక్షిణ టాస్మాన్ రైజ్ అనే సముద్రగర్భ పీఠం మీద వేట కొత్తగా మొదలైనప్పుడు, వల లాగిన ప్రతి గంటకూ సగటున టన్నున్నర దాకా పగడం పైకి వచ్చిందని పరిశీలకులు నమోదు చేశారు. చేప నిల్వకు కనీసం కోలుకునే అవకాశం ఉంది. వలలు ఆగిన ఐదు పదేళ్ల తర్వాత వెళ్లి చూసినా ఆ పగడాల్లో చెప్పుకోదగ్గ కోలుకోవడం కనిపించలేదు. ఈ చేప గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

తెలియక జరిగింది అన్న మాట 1991 తర్వాత ఎవరికీ చెల్లదు. అయినా వేట కొత్త సముద్రాలకు మారుతూ పోయింది. నమీబియాను మాత్రం ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. ఆ దేశం 1990లో స్వాతంత్ర్యం పొంది తన మత్స్య సంపదను జాగ్రత్తగా చూసుకోవాలని గట్టిగా సంకల్పించింది. 1994లో ఆరెంజ్ రఫీ గుంపులు దొరికినప్పుడు న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల అనుభవం చేతిలో ఉంది, వయసు తెలుసు, నిపుణులున్నారు. అయినా తొలి అంచనాలు నిల్వను చాలా ఎక్కువ చేసి చూపించాయి. 1990ల చివరికే గుంపులు పలచబడ్డాయి, 1999లో ఒక వేటస్థలాన్ని మూసేశారు, పదేళ్లు తిరిగేసరికి మొత్తం వేటే ఆగింది. మంచి ఉద్దేశం, తెలిసిన శాస్త్రం రెండూ ఉండి కూడా ఇలా జరిగిందంటే, తొలి అంచనాను నమ్మి తొలి ఏళ్లలోనే పెద్ద కోటాలివ్వడం ఈ చేప విషయంలో ఎంత ప్రమాదమో తెలుస్తుంది. చిలీలో కూడా దాదాపు ఇదే క్రమం. ఈశాన్య అట్లాంటిక్‌లో ఫ్రెంచి నౌకలు 1990ల ఆరంభంలో, ఐర్లండ్ నౌకలు 2001 తర్వాత దిగాయి. యూరోపియన్ యూనియన్ 2003లో పరిమితులు పెట్టి, 2010కల్లా కోటాను సున్నా చేసింది. 2016లో తన జలాల్లో 800 మీటర్లకు దిగువన అడుగును ఈడ్చే వలలనే నిషేధించింది.

ఏ దేశానికీ చెందని సముద్రంలో పరిస్థితి ఇంకా కష్టం. నైరుతి హిందూ మహాసముద్రపు కొండల మీద గుంపులున్నాయన్న వార్త 1999, 2000ల నాటికి పాకింది, అనేక దేశాల నౌకలు అక్కడికి పరుగెత్తాయి. అడ్డుకునే సంస్థేదీ లేదు. 2006లో అక్కడ వేటాడే కంపెనీలే కూటమి కట్టి కొన్ని ప్రాంతాలకు తమంతట తాము దూరంగా ఉంటామని ప్రకటించాయి. అంతర్ ప్రభుత్వ ఒప్పందం అమల్లోకి రావడానికి 2012 దాకా పట్టింది. 2006 డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 61/105 తీర్మానం చేసింది. సున్నితమైన సముద్రగర్భ ఆవరణాలకు హాని జరగదని నిరూపించలేని చోట అడుగు వేటను ఆపాలని దేశాలను, ప్రాంతీయ సంస్థలను కోరింది. నిరూపణ భారం వేటగాడి మీద పెట్టడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. అమలు ఎక్కడికక్కడ వేరుగా ఉన్నా, తర్వాత వచ్చిన నియమాలన్నీ దానికి రుణపడ్డాయి.

పాదరసం సంగతి క్లుప్తంగా. దీర్ఘకాలం బతికి, ఇతర జీవులను తినే చేప కాబట్టి దీని ఒంట్లో పాదరసం పోగవుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపల జాబితాలో అమెరికా ప్రభుత్వ సంస్థలు దీన్ని చేర్చాయి.

ఇక నేటి తగవుకు వద్దాం. ముడి అంతా లెక్కించే పద్ధతిలో ఉంది. చాలా చేపల పొట్టలో గాలితిత్తి ఉంటుంది, ధ్వని తరంగం దానికి తగిలి గట్టిగా తిరిగివస్తుంది. ఆరెంజ్ రఫీ తిత్తిలో గాలి ఉండదు, మైనపు కొవ్వు ఉంటుంది. అందువల్ల దాని ప్రతిధ్వని చాలా బలహీనం. అదే గుంపులో గాలితిత్తి ఉన్న వేరే చేపలు కొన్ని కలిసినా యంత్రం మీద గుంపు ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. పాత అంచనాలు తప్పడానికి ఇదొక కారణం. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు వలకే కెమెరాలనూ రెండు పౌనఃపున్యాల ధ్వని యంత్రాలనూ కట్టి గుంపు దగ్గరికి దించారు. ఏ ప్రతిధ్వని ఏ చేపదో విడదీయడం అప్పటి నుంచి సాధ్యమైంది. ఆ కొలతలతో 2014లో న్యూజిలాండ్ కొత్త అంచనాలు వేసింది, కొన్ని నిల్వలు లక్ష్యానికి చేరాయని తేల్చింది. 2016 డిసెంబరులో, చేపల వేటలను పరిశీలించి ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అక్కడి మూడు వేటలకు సుస్థిరమైనవన్న ధ్రువపత్రం ఇచ్చింది. పర్యావరణ సంఘాలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి.

కొలిచే పద్ధతి మెరుగుపడింది, అందులో నాకు సందేహం లేదు. కానీ ధ్వని కొలత చెప్పేది ఈ ఏడు గుడ్లు పెట్టడానికి వచ్చిన ముసలి చేపల బరువు. ఆ చేపల్లో అత్యధికం వేట మొదలవక ముందు పుట్టినవి. తగ్గిన తల్లుల నుంచి ఎన్ని పిల్లలు బతికి బయటపడ్డాయో తెలియాలంటే, 1979 తర్వాత పుట్టినవి ఈడుకొచ్చి కొండల దగ్గర చేరాలి. ముప్పై నలభై ఏళ్ల లెక్కన అవి రావడం మొదలైంది 2010ల నుంచే. పట్టుబడి పతాక స్థాయిలో ఉన్న 1988, 1990లలో పుట్టిన పిల్లల తరం పూర్తిగా లెక్కలోకి వచ్చేది 2030 ప్రాంతంలో. కాబట్టి రాబోయే పదేళ్ల సర్వేల్లో బరువు కన్నా చెవి రాళ్లే ఎక్కువ చెబుతాయి. గుంపులో యాభై ఏళ్ల లోపు చేపల వాటా పెరుగుతోందా లేదా అన్నది చూడాలి. ఆ జవాబు వచ్చేదాకా కోటాలను చిన్నవిగా ఉంచాలని, ఇంకా వల తాకని కొండలను తాకకూడదని అడిగేవారి పక్షమే సబబని నేననుకుంటాను. యూరప్‌లో కోటాను సున్నా చేసిన 2010లో పుట్టిన చేపల్లో తొలివి ఈడుకొచ్చేది 2030 తర్వాత, చివరివి 2050కి దగ్గరలో.